ఆర్నెల్ల రిజిస్టర్ ఒక్క వారంలో రాసిపెట్టమంటున్నాడు బావ

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆయనకు 34 ఏళ్లు. ఏడేళ్లు 108లో ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, దారిలో పేషెంట్‌ను చూసుకునే మనిషి) పనిచేశారు. మూడేళ్ల కిందట ఆయన అక్క భర్త సొంతంగా అంబులెన్సులు పెట్టుకుని, "బయట ఎవరి దగ్గరో ఎందుకు, మన దాంట్లోకే రా" అని పిలిస్తే ఉద్యోగం మానేసి వచ్చారు. ఇప్పుడు నాలుగు బండ్లున్నాయి. మూడో బండి కొనడానికి అక్క నగలు బ్యాంకులో పెట్టారు. నాలుగో బండికి నెలనెలా కిస్తీ కడుతున్నారు.

పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి 62 ఏళ్ల పెద్దావిడను న్యుమోనియాతో ఒక నర్సింగ్ హోమ్ నుంచి హైదరాబాద్‌కు తీసుకెళ్లాల్సి వచ్చింది. బండి మీద 'ఐసీయూ అంబులెన్స్' అని స్టిక్కర్ ఉంది. లోపల వెంటిలేటర్ కూడా ఉంది కానీ దాని బ్యాటరీ నెలల కిందటే చచ్చిపోయింది. ఈయన వెళ్లేసరికే పేషెంట్‌ను ఎక్కించి ఆక్సిజన్ పెట్టేశారు, ఇంటివాళ్లు తొందరపెడుతున్నారు. సిలిండర్‌లో ఎంత మిగిలిందో చూపే గేజ్ ఈయన చూడలేదు. బ్యాగ్ ఉన్న మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్లు పోతోంది. సూర్యాపేట దగ్గర పడుతుండగా సిలిండర్ అయిపోయింది. స్పేర్ సిలిండర్ తిప్పితే అందులోనూ గాలి లేదు. ఆక్సిజన్ శాతం 91 నుంచి 74కి పడిపోయింది. చేత్తో నొక్కి ఊపిరి అందించే ఉత్త అంబు బ్యాగ్ నొక్కుతూ సూర్యాపేటలో ఒక ఆసుపత్రి ముందు బండి ఆపించి, కాళ్లావేళ్లా పడి సిలిండర్ అడిగి తెచ్చుకున్నారు. ఆవిడ బతికారు, పన్నెండు రోజులకు ఇంటికి వెళ్లారు. ఆవిడ కొడుకు ఇప్పటికీ ఫోన్ చేసి "అన్నా, ఆ రాత్రి నువ్వు లేకపోతే మా అమ్మ లేదు" అంటాడట. ఆ ఫోన్ వచ్చిన ప్రతిసారీ తనకు నిద్ర పట్టదని రాశారు.

ఇప్పుడు వచ్చిన చిక్కు వేరు. ఒక పెద్ద ఆసుపత్రి వీళ్ల బండ్లతో ఒప్పందం పెట్టుకుంటానంది. మూడు వారాల్లో వచ్చి చూస్తారు. ఆర్నెల్ల రోజువారీ చెక్‌లిస్టులు, ట్రిప్ షీట్లు, సిబ్బంది సర్టిఫికెట్లు చూపించాలి. చెక్‌లిస్టులన్నవే లేవు. బావ కొత్త రిజిస్టర్లు తెచ్చి ముందు పెట్టారు. "108లో చేసినోడివి, ఎట్లా రాయాల్నో నీకే తెలుసు, కూర్చుని రాసేయ్" అన్నారు. మిగతా ఇద్దరు కుర్రాళ్ల సంతకాలు కూడా ఈయన్నే పెట్టమన్నారు. సూర్యాపేట రాత్రి ట్రిప్ షీట్‌లో ఆక్సిజన్ సంగతి రాయొద్దన్నారు. మూడో బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయి రెండు నెలలైంది. అడిగితే, "అంబులెన్స్‌కి పర్మిట్టే అక్కర్లేదు, మనల్ని ఆపేదెవడు" అంటున్నారు. ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "సంతకం పెడితే నేను నేర్చుకున్న పనికి ద్రోహం చేసినట్టు. పెట్టకపోతే అక్క కాపురంలో నిప్పులు పోసినట్టు. నేనేం చేయాలి?"

* * *

మీ ఉత్తరం అందిన రోజు నేను ఇంకో ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. దాన్ని పక్కనపెట్టి ముందు మీకు రాస్తున్నాను, ఎందుకంటే మీకు గడువుంది. కొన్నేళ్లు నేను అంబులెన్స్ సిబ్బందికి శిక్షణ ఇచ్చాను, తర్వాత ఇలాంటి రిజిస్టర్లే తనిఖీ చేశాను. కాబట్టి మీరు చెప్పిన బండి, ఆ రిజిస్టర్లు నా కళ్లకు కట్టినట్టున్నాయి.

ముందు ఆ రాత్రి సంగతి. మీ చిన్న సిలిండర్ బీ టైప్ అనుకుంటున్నాను. నిండుగా ఉంటే అందులో 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 15 లీటర్ల చొప్పున అది 100 నిమిషాలు వస్తుంది. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు, రాత్రిపూట కూడా మూడున్నర గంటల దాకా పట్టవచ్చు. అంటే రెండు సిలిండర్లూ నిండుగా ఉన్నా ఆ పేషెంట్‌కు చాలకపోవచ్చు. గంట దాటగానే అయిపోయిందంటే బయల్దేరేటప్పటికే గేజ్ (నిండుగా ఉంటే 150 చూపిస్తుంది) 100 దగ్గరో అంతకంటే కిందో ఉండి ఉంటుంది. ఈ లెక్క మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు. గేజ్ చూడకపోవడం మీ పొరపాటే, అది మీకూ తెలుసు. కానీ ఆ రాత్రి జరిగినదంతా మీ ఒక్కరి పొరపాటు కాదు. ఎక్కే ముందు ఎవరో ఒకరు గేజ్ చూసి రాయాలనే పద్ధతే మీ దగ్గర లేదు. రోజూ పొద్దున్నే ఒక మనిషి స్పేర్ సిలిండర్ తిప్పి చూసి కాయితం మీద అంకె రాసి ఉంటే, ఖాళీ అని ముందురోజే తెలిసేది. ఇప్పుడు బావ మిమ్మల్ని కల్పించి రాయమంటున్నది సరిగ్గా ఆ కాయితమే.

అందుకే చెక్‌లిస్టును 'ఆసుపత్రివాళ్లు అడిగిన పేపరు' అని మీరు ఉత్తరంలో రాసిన మాటతో నేను ఒప్పుకోను. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రులు అంబులెన్సులోని పరికరాలను, అత్యవసర మందులను రోజూ చూసి రాయాలి, బండి కదిలే ముందు మందులు మళ్లీ చూడాలి. బయటి బండ్లు పెట్టుకున్నా ఆ బాధ్యత వాళ్లను వదలదు, అందుకే మిమ్మల్ని అడుగుతున్నారు. ఆ నియమం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. మీకు సూర్యాపేట దగ్గర జరిగినట్టే ఎన్నో చోట్ల జరిగాకే పుట్టింది.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం. ఏ దారిలో వెళ్లాలో మీరే తేల్చుకోవాలి. ఎక్కడ ఏముందో మాత్రం నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదటిది బావ చెప్పినట్టు రాసేయడం. పట్టుబడకపోవచ్చు కూడా, ఆ మాట దాచను. కానీ ఎలా పట్టుబడుతుందో వినండి. ఒకసారి ఒక చోట రిజిస్టర్ తిప్పుతుంటే ఏప్రిల్ 31న కూడా అన్నీ చెక్ చేసినట్టు సంతకం కనిపించింది. రాసిన కుర్రాడు నా ఎదుటే తలదించుకున్నాడు. అతనికి పాతికేళ్లుంటాయి. రాయమన్న యజమాని ఆరోజు అసలు ఆఫీసుకే రాలేదు. రోజూ గేజ్ 150, రోజూ ఒకే పెన్ను, ఒకే రాత. గ్యాస్ ఏజెన్సీ బిల్లులు తెప్పించి పక్కన పెడితే నెలలో సిలిండర్లు నింపించింది మూడుసార్లే. పది నిమిషాల్లో బయటపడింది.

చట్టం దగ్గర కూడా మీరు ఒక తేడా తెలుసుకోవాలి. చూడనిది చూసినట్టు మీ పేరుతో మీరు సంతకం పెడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు అది మీకే ఎదురు సాక్ష్యం అవుతుంది. ఆ కుర్రాళ్ల సంతకాలు మీరు పెడితే అది ఫోర్జరీ కిందికే వస్తుంది, అక్కడ బావ కోసం చేశానన్న మాట నిలవదు. ఇంకొకటి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఐదేళ్ల వరకు జైలు. వైద్యం చేస్తుండగా రిజిస్టరయిన డాక్టర్ చేతిలో అలా జరిగితే రెండేళ్ల వరకు. ఆ మినహాయింపు డాక్టర్లకే, ఈఎంటీకి వర్తించదు. సూర్యాపేటలో ఆ ఆసుపత్రివాళ్లు సిలిండర్ ఇవ్వకపోయి ఉంటే మీరు ఎక్కడ నిలబడేవారో మీరే ఊహించుకోండి. ఆ రోజు మీ చేతిలో నిజం రాసిన ట్రిప్ షీట్ ఉండడం వేరు, దొంగ చెక్‌లిస్ట్ ఉండడం వేరు.

రెండో దారిలో మీరు అక్కడే ఉంటారు, పద్ధతి మాత్రం మారుతుంది. నా మనసు దీనివైపే ఉంది, కానీ ఇది తేలిక కాదు. గడిచిన ఆర్నెల్లు ఖాళీగానే ఉంటాయి. రాయని రోజులు రాయనివిగానే ఆసుపత్రికి చూపిస్తారు. ఇవాళ్టి తేదీతో మొదలుపెట్టి ప్రతి బండికీ రోజూ రాస్తారు: సిలిండర్ గేజ్ ఎంత, స్పేర్ ఎంత, సక్షన్ (గొంతులో చేరిన కఫం, ద్రవాలు లాగే యంత్రం) లాగుతోందా, మానిటర్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోంది, మందుల గడువు తేదీలు, చూసింది ఎవరు, ఎన్ని గంటలకు. లోపం కనిపిస్తే లోపమనే రాయండి. తనిఖీ చేసేవాళ్లకు నమ్మకం కలిగేది అలాంటి పేజీలను చూసినప్పుడే. 'సక్షన్ పనిచేయడం లేదు, బండి ఆపాం, మర్నాడు బాగుచేయించాం' అని ఉన్న రిజిస్టర్ చూస్తే అక్కడ ఎవరో నిజంగా బండి ఎక్కి చూస్తున్నారని నాకు అర్థమయ్యేది. సిలిండర్ల మెడ మీద చెక్కి ఉండే టెస్ట్ తేదీలు కూడా ఒకసారి చూడండి. ఐదేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి, ఆ తేదీ దాటినవి నింపించకూడదు.

ఆ 'ఐసీయూ' స్టిక్కర్ మాత్రం ఈ వారమే తీసేయండి. అంబులెన్స్ నిర్మాణానికి ఏఐఎస్-125 అని ప్రమాణం ఉంది. అందులో ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. మామూలుగా పేషెంట్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చేది బీ, ప్రాథమిక ప్రాణరక్షణకు సీ, వెంటిలేటర్ మీద ఉండేంత సీరియస్ పేషెంట్లకు డీ. మీ బండి బీ రకం అని మీరే రాశారు. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను, డిశ్చార్జ్ అయ్యేవాళ్లను తీసుకెళ్లడానికి అది పూర్తిగా సరైన బండి, దానికీ బోలెడంత గిరాకీ ఉంది. స్టిక్కర్ చూసి నమ్మి ఎక్కించిన ఆ కొడుక్కి అది ఏ రకమో తెలిసే అవకాశమే లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. అర్ధరాత్రి తల్లిని స్ట్రెచర్ మీద పెట్టుకున్నవాడు బండి మీద రాసింది నమ్మక ఏం చేస్తాడు?

బావ చెప్పిన పర్మిట్ మాట సగం నిజం. కేవలం అంబులెన్స్‌గా వాడే వాహనానికి పర్మిట్ అక్కర్లేదని మోటారు వాహనాల చట్టం 66వ సెక్షనే చెబుతోంది. కానీ ఎఫ్‌సీకి ఆ మినహాయింపు లేదు. 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి రిజిస్ట్రేషన్ చెల్లనట్టే లెక్క. ఆ బండి ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అప్పుడు పోయేది మీ అక్క నగలే. బావకు ఈ లెక్క అర్థమయ్యేలా చెప్పండి. భయపెట్టినట్టు కాదు, ఇంటి లెక్కలు మాట్లాడినట్టు.

ఈ దారిలో నష్టం కూడా ఉంది. ఆసుపత్రి ఒప్పందం ఈసారి తప్పిపోవచ్చు. అయితే నా అనుభవంలో ఆసుపత్రివాళ్లు "రికార్డులు ఈ మధ్యే మొదలుపెట్టాం, ముందు ఒక్క బండితో ఒప్పుకోండి, మూడు నెలల తర్వాత వచ్చి చూడండి" అని అడిగినవాళ్లను వెనక్కి పంపడం తక్కువ. వాళ్లకూ బండ్లు కావాలి. నాలుగు బండ్లలో ఒకదాన్ని సరిగ్గా నిలబెట్టడానికి మూడు వారాలు చాలు. నాలుగిటికీ చాలవు. ఈ మాట బావకు మీరే చెప్పాలి, ఆ పని తెలిసిన మనిషి ఇంట్లో మీరొక్కరే.

మూడో దారి మానేయడం. మానేస్తే నోటిమాటగా కాకుండా ఒక కాయితం మీద కారణం రాసి, తేదీ వేసి, మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి. మీ సర్టిఫికెట్, పేరు ఆ కంపెనీ ఫైళ్లలో వాడొద్దని అందులో స్పష్టంగా రాయండి. ఎందుకంటే మీరు వెళ్లిపోయాక కూడా మీ సర్టిఫికెట్ జిరాక్స్ చూపించి ఒప్పందం చేసుకోవచ్చు. 2021లో వచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ పేరు కూడా ఉంది. రిజిస్టర్‌లో పేరు ఎక్కి, తప్పు చేస్తే ఆ పేరు పోయే వృత్తి మీది. ఏడేళ్లు రోడ్డు మీద సంపాదించుకున్న పేరు అది. అయితే మానేస్తే మీ చేతులు శుభ్రంగా ఉంటాయి గానీ ఆ బండి ఆగదు. మీ బదులు రాత్రిపూట ఎక్కేది ఆ ఇద్దరు కుర్రాళ్లే. వాళ్లలో ఒకడు నిన్నటిదాకా వార్డ్ బాయ్ అని మీరే రాశారు. వెళ్లేటప్పుడు వాళ్లకు ఆ సిలిండర్ లెక్కయినా నేర్పి వెళ్లండి.

నాలుగోది ఫిర్యాదు. బండి సంగతి రవాణా శాఖకు, వైద్యం సంగతి జిల్లా వైద్యాధికారికి. ఇవాళే వెళ్లమని నేను చెప్పను. మీ బావ దుర్మార్గుడిలా నాకు కనిపించలేదు. అప్పు తీర్చే తొందరలో కళ్లు మూసుకున్న మనిషి. మాట్లాడితే మారే అవకాశం ఉంది, ఆ అవకాశం ఇవ్వండి. కానీ మీరు అన్నీ చెప్పాక కూడా సీరియస్ పేషెంట్‌ను ఆ బండిలో మళ్లీ ఎక్కిస్తే, అప్పుడు చుట్టరికం కంటే ఆ స్ట్రెచర్ మీదున్న మనిషి ముఖ్యం. ఫిర్యాదు చేస్తే బండ్లు ఆగుతాయి, కిస్తీలు ఆగుతాయి, పండక్కి అక్క ఇంటికి పోలేని పరిస్థితి రావచ్చు. అది ఎన్నేళ్లు ఉంటుందో నేను చెప్పలేను. ఆ దారి పట్టాల్సి వస్తే అవన్నీ తెలిసే పట్టండి.

అక్క గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీరు అసలు భయపడుతున్నది అక్కడే కదా. "అక్కకు ఏమీ తెలియదు, తెలిస్తే తట్టుకోదు" అని రాశారు. నగలు ఇచ్చింది ఆవిడ. ఆ బండి మీద ఏం పెట్టారో తెలుసుకునే హక్కు ఆవిడకుంది. తట్టుకోలేదని మనం అనుకునే ఆడవాళ్లు చాలామంది మనకంటే ముందే అన్నీ గమనించి ఊరుకుని ఉంటారు. అయినా నేరుగా అక్క దగ్గరికి వెళ్లొద్దు. ముందు బావతో ఒంటరిగా కూర్చోండి. ఆఫీసులో వద్దు, కుర్రాళ్ల ముందు అసలే వద్దు. పొలం గట్టు మీదైనా సరే, ఎవరూ లేనిచోట. మొదటి మాటగా మీ తప్పు చెప్పండి: "బావా, ఆ రాత్రి గేజ్ చూడంది నేనే." అది విన్నాక ఆయన మిమ్మల్ని వేలెత్తి చూపే మనిషిగా చూడరు. తర్వాత లెక్క చెప్పండి, లీటర్లూ నిమిషాలూ. ఆ తర్వాత, "ఆ రిజిస్టర్ నేను రాయను. కానీ రేపు పొద్దున ఆరింటికి మొదటి బండి నేనే చెక్ చేసి రాస్తా" అనండి. కాదనడం ఒక్కటే చేతిలో పట్టుకుని వెళ్తే గొడవవుతుంది. చేసే పని కూడా పట్టుకెళ్తే మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆయన ససేమిరా అంటే అప్పుడు, "ఈ సంగతి అక్కకు కూడా చెప్తాను, మీకు చెప్పకుండా మాత్రం చెప్పను" అని ముందే చెప్పండి. చాటుగా చెప్పారన్న మాట రాకూడదు.

ఇక సూర్యాపేట రాత్రి ట్రిప్ షీట్. ఏ దారి పట్టినా ఇది మాత్రం చేయండి. ఇవాళ్టి తేదీ, సమయం వేసి 'ఆలస్యంగా రాస్తున్నది' అని పైన రాయండి. పాత షీట్ మీద దిద్దవద్దు, కొట్టివేయవద్దు. విడిగా రాసి దానికి జతచేయండి. ఆక్సిజన్ ఎప్పుడు అయిపోయింది, శాతం ఎంతకు పడింది, ఎంతసేపు అలా ఉంది, మీరేం చేశారు. గుర్తున్నంతవరకే, అందంగా కాకుండా ఉన్నదున్నట్టు. సరిగ్గా గుర్తులేని సమయం దగ్గర 'సుమారు' అని రాయండి. మీరు చేసినవాటిలో మంచివి కూడా రాయండి. అంబు బ్యాగ్ ఆపకుండా నొక్కారు, దగ్గర్లో ఉన్న ఆసుపత్రి ముందు బండి ఆపించారు. ఆ క్షణంలో చేయాల్సింది అదే.

ఆ కొడుకు ఫోన్ మళ్లీ వస్తుంది. ఆయన కృతజ్ఞత మీకు ముల్లులా గుచ్చుకుంటోందంటే మీలో ఇంకా ఆ 108 రోజుల ఈఎంటీ బతికే ఉన్నాడని నాకనిపిస్తోంది. ఆయనకు చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరం నిండా ఆ ప్రశ్నే ఉంది. చెప్పమనే నా సలహా. ఆవిడ మెదడుకు కొన్ని నిమిషాలు ఆక్సిజన్ తక్కువ అందింది. రేపు మతిమరుపో, తిక్కగా మాట్లాడడమో కనిపిస్తే చూసే డాక్టర్‌కు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఆయన కోప్పడవచ్చు, కేసు పెడతాననవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు కూడా ఆయనకుంది. కాబట్టి ముందు ఒక లాయర్‌తో అరగంట మాట్లాడండి, బావకు కూడా చెప్పండి. ఆ తర్వాత ఫోన్‌లో కాకుండా ఇంటికే వెళ్లండి. "అమ్మను రివ్యూకు ఎప్పుడు తీసుకెళ్తున్నారు? ఆరోజు దారిలో కాసేపు ఆక్సిజన్ అందలేదు, ఆ సంగతి డాక్టర్ గారికి చెప్పాలి, నేను కూడా వస్తాను" అని మొదలుపెట్టండి.